నెల్లూరు ఎండలకు ఏ నంబరు షటిల్ కాక్ కొనాలి?

నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో ఈకల కాక్‌తో ఆడేవారికి సాధారణంగా వేసవిలో 76, డిసెంబరు, జనవరి నెలల్లో 77 నంబరు సరిపోతుంది.

డబ్బా మీద కనిపించే 75 నుంచి 79 వరకు గల ఆ అంకె గ్రెయిన్లలో (గ్రెయిన్ అంటే గ్రాము కన్నా బాగా చిన్న తూకపు కొలత) కాక్ బరువును సూచిస్తుంది కాబట్టి, 77 అంటే దాదాపు 5 గ్రాములు. బరువు పెరిగేకొద్దీ కాక్ వేగమూ పెరుగుతుంది. వేడెక్కిన గాలి పలచబడి ఈకలకు తక్కువ అడ్డు తగులుతుంది గనుక, అదే కాక్ అదే దెబ్బకు ఎండాకాలంలో మరింత దూరం పోతుంది. ఎత్తైన ప్రదేశాల్లోనూ ఇంతే. బెంగళూరులో చక్కగా ఆడిన నెమ్మది రకం మన తీరంలో చలికాలపు ఉదయం కోర్టు చివరిదాకా చేరకపోవచ్చు.

ఉదాహరణకు, రోహిణి కార్తెలో 77 నంబరు కాక్‌ను వెనుక గీత దగ్గర నిలబడి, కింది నుంచి పూర్తి బలంతో కొట్టి చూడండి. నియమం ప్రకారం అది అవతలి వెనుక గీతకు 53 నుంచి 99 సెంటీమీటర్ల ఇవతల పడాలి. గీత దాటిపోతుంటే 76కు మారవలసిందే. ఒక్క దెబ్బతో తేల్చకుండా నాలుగైదుసార్లు కొట్టి చూడడం మేలు.

నంబరు పెద్దదైతే నాణ్యత కూడా ఎక్కువని చాలామంది పొరబడతారు. నాణ్యత ఈకల రకాన్ని, అడుగున ఉండే కార్కును బట్టి ఉంటుంది. ఒకే కంపెనీ ఒకే రకం కాక్‌ను వేర్వేరు నంబర్లలో అమ్ముతుంది. నైలాన్ కాక్‌లకు అంకెల బదులు రంగు పట్టీ ఉంటుంది: ఆకుపచ్చ నెమ్మది, నీలం మధ్యస్థం, ఎరుపు వేగం.