డిస్కులు పెడితే తరంగం నెమ్మదిస్తుందా?

ప్రశ్న: సార్, నేను ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. వేవ్‌గైడ్‌లో, అంటే మైక్రోవేవ్ తరంగాలు నడిచే లోహపు గొట్టంలో, ఫేజ్ వేగం (తరంగ శిఖరం కదిలే వేగం) కాంతి వేగం కన్నా ఎక్కువని చెప్పారు. అదే గైడ్‌లో వరసగా లోహపు డిస్కులు అమరిస్తే తరంగం నెమ్మదించి ఎలక్ట్రాన్లతో కలిసి నడుస్తుందంటారు. కొన్ని ఫ్రీక్వెన్సీలైతే అసలు దాటవట. అర్థం కాక వైవా అంటేనే టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థిని, కావలి

జవాబు: ఒంగోలులో ల్యాబ్ చెప్పే రోజుల్లో నేను పిల్లలతో ముందు ఒక కొలత తీయించేవాణ్ణి. నువ్వూ తీసి చూడమ్మా. 22.86 మిల్లీమీటర్ల వెడల్పున్న ఎక్స్ బ్యాండ్ గైడ్‌కు 10 గిగాహెర్ట్జ్ ఇచ్చి, స్లాటెడ్ లైన్ (పొడవునా చీలిక ఉన్న గైడ్ ముక్క) మీద ప్రోబ్‌ను మెల్లగా జరుపు. మీటరు ముల్లు బాగా పడిపోయే రెండు చోట్ల మధ్య దూరం, అంటే అర తరంగదైర్ఘ్యం, దాదాపు 20 మిల్లీమీటర్లు వస్తుంది. బయట గాలిలో అది 15 మాత్రమే. తరంగం సాగింది కాబట్టే ఫేజ్ వేగం కాంతి వేగానికి 1.32 రెట్లయింది. ఏ ఎలక్ట్రానూ దాన్ని అందుకోలేదు.

ఇక డిస్కులు. అవి అడ్డం పడి తరంగాన్ని ఆపుతాయని అనుకోకు. రెండు డిస్కుల మధ్య చోటు ఒక కేవిటీ, అంటే చిన్న గది. శక్తి అందులో కాసేపు నిలిచి, నడిమి రంధ్రం గుండా పక్క కేవిటీకి పోతుంది. ఒక్కో కేవిటీకి ఫేజ్ పావు సైకిల్ మారుతోందనుకో, కేవిటీ పొడవు 2.5 మిల్లీమీటర్లు. నాలుగు కేవిటీలు, అంటే 10 మిల్లీమీటర్లు దాటేసరికి ఒక పూర్తి తరంగం. 10 గిగాహెర్ట్జ్ దగ్గర వేగం సెకనుకు 10 కోట్ల మీటర్లు, కాంతి వేగంలో మూడో వంతు. సుమారు 31,000 వోల్టులతో వదిలిన ఎలక్ట్రాన్ వేగమూ అంతే. ఎలక్ట్రాన్ల పుంజాన్ని తరంగం కన్నా ఒక్క పిసరు వేగంగా నడిపిస్తే ఎలక్ట్రాన్లు గుంపులు కట్టి, తమ శక్తిని తరంగానికి ఇచ్చేస్తాయి. యాంప్లిఫికేషన్ అంటే అదే. శ్రీహరికోట నుంచి వెళ్లిన కమ్యూనికేషన్ ఉపగ్రహాల్లోని ట్రావెలింగ్ వేవ్ ట్యూబులదీ ఇదే సూత్రం. వాటిలో డిస్కులకు బదులు ఎక్కువగా హెలిక్స్, అంటే స్ప్రింగులా చుట్టిన తీగ, ఉంటుంది.

కేవిటీకి ఫేజ్ తేడా సరిగ్గా అర సైకిల్ అయిన చోట ప్రతి డిస్కు నుంచీ వెనక్కి వచ్చే చిన్న చిన్న ప్రతిఫలనాలన్నీ ఒకే ఫేజ్‌లో కలుస్తాయి. గ్రూప్ వేగం, అంటే శక్తి ముందుకు నడిచే వేగం, సున్నా అవుతుంది. ఆ పైన స్టాప్ బ్యాండ్, నువ్వన్న దాటలేని ఫ్రీక్వెన్సీలు ఇవే. అక్కడ శక్తి కరిగిపోదు, వచ్చిన దారినే తిరిగి వెళ్తుంది.

వైవాకు వెళ్లే ముందు ఒమేగా–బీటా గ్రాఫ్ (నిలువున ఫ్రీక్వెన్సీ, అడ్డంగా మీటరుకు ఫేజ్ ఎంత మారుతుందో) నీ చేత్తో నువ్వే గీయి. బట్టీ పట్టిన పది సూత్రాల కన్నా అదే నిన్ను కాపాడుతుంది. అందులో ఎలక్ట్రాన్ వేగాన్ని వాలుగా పెట్టి ఒక సరళరేఖ కలుపు. అది వక్రాన్ని పైకెక్కే చోట తాకితే యాంప్లిఫయర్. కిందికి దిగే చోట తాకితే శక్తి వెనక్కి నడుస్తుంది, ట్యూబు తనంతట తానే ఆసిలేట్ అయ్యే ప్రమాదం ఉంది.