జరిమానా పెడితే అందరూ పనిచేస్తారా?

ప్రశ్న: పదిహేను మందిమి కలిసి ఒక చిన్న గ్రంథాలయం నడుపుతున్నాం. వారిలో నలుగురు తమ వంతు రోజున రారు. జరిమానా పెడదామని కొందరు, మనసులు విరుగుతాయని మరికొందరు అంటున్నారు. శిక్ష ఉండబట్టే మానవజాతిలో సహకారం నిలిచిందని చదివాను. నిజమేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: నిజమే, కాని సగమే. మిగతా సగం తెలియకుండా జరిమానా పెడితే, పనిచేస్తున్న పదకొండు మందినీ దూరం చేసుకుంటారేమోనని నా భయం.

ముందు మీరు చదివిన సగం. 2002లో ఎర్నెస్ట్ ఫెర్, సైమన్ గెక్టర్ అనే ఆర్థికవేత్తలు ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. నలుగురేసి విద్యార్థుల బృందాలు, ఒక్కొక్కరికి 20 టోకెన్లు. ఉమ్మడి నిధిలో ఒక టోకెన్ వేస్తే నలుగురికీ తలా 0.4 వస్తుంది. అంటే బృందానికి మొత్తం 1.6 వస్తుంది, వేసినవారికి మాత్రం 0.6 నష్టం. శిక్షించే వీలు లేనప్పుడు విరాళాలు క్రమంగా తగ్గాయి. సొంత డబ్బు పోగొట్టుకునైనా ఎగవేతదారుకు కోత పెట్టవచ్చనగానే పెరిగాయి.

ఉపాధ్యాయుడిగా ఈ ఆటను నా తరగతిలో ఆడించాను. మొదటి రెండు విడతల్లో ఉన్నదంతా వేసిన ఒక అమ్మాయి నాలుగో విడతకు చెయ్యి ముడుచుకుంది. ఎందుకని అడిగితే, "డబ్బు పోయినందుకు కాదు సార్, నన్ను వెర్రిదాన్ని చేస్తున్నారు" అంది. ఆ మాట నేను మరచిపోలేదు. సహకారం కూలేది చాలావరకు స్వార్థపరుల సంఖ్య వల్ల కాదు, మంచివాళ్లు ఇలా వెనక్కి తగ్గడం వల్ల. శిక్ష చేసే మేలు ఆ అమ్మాయిని నిలబెట్టడమే.

ఇక రెండో సగం. శిక్షతో సహకారమే కాదు, ఏ ఆచారాన్నైనా, హానికరమైనదాన్నైనా, నిలబెట్టవచ్చని రాబర్ట్ బాయిడ్, పీటర్ రిచర్‌సన్ అనే పరిశోధకులు 1992లోనే గణితంతో చూపించారు. 2008లో గెక్టర్ బృందం ఇదే తరహా ఆటను 16 నగరాల్లో ఆడిస్తే, కొన్నిచోట్ల ఎక్కువ ఇచ్చినవారికే కోతలు పడ్డాయి. తమను శిక్షించినవారిపై పగ కావచ్చు, మంచి పేరు తెచ్చుకుంటున్నారన్న కంటగింపు కావచ్చు. అక్కడ శిక్ష ఉన్నా సహకారం పెద్దగా పెరగలేదు.

మీకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఇజ్రాయెల్ నగరమైన హైఫాలోని శిశు సంరక్షణ కేంద్రాలది. పిల్లల్ని ఆలస్యంగా తీసుకెళ్లే తల్లిదండ్రులకు జరిమానా పెడితే ఆలస్యాలు పెరిగాయి. జరిమానా ఎత్తేసినా తగ్గలేదు. అంతకుముందు తప్పుగా తోచింది డబ్బిచ్చి కొనుక్కునే సౌకర్యమైపోయింది. మీ నలుగురూ జరిమానా కట్టేసి హాయిగా ఇంట్లో ఉంటే ఏం చేస్తారు?

ఉమ్మడి సాగునీరు, అడవులు తరతరాలుగా కాపాడుకున్న సమాజాలను రాజనీతి శాస్త్రవేత్త ఎలినార్ ఆస్ట్రమ్ అధ్యయనం చేశారు. అక్కడ నియమం దానికి లోబడేవాళ్లే రాసుకున్నారు. మొదటి తప్పుకు శిక్ష చాలా చిన్నది, మళ్లీ మళ్లీ చేస్తేనే పెరుగుతుంది.

అందుకే ముందు వంతుల పట్టికను అందరికీ కనిపించేలా గోడకు అంటించండి. రానివారిని, కారణం కనుక్కునే స్వరంతోనే, అడగండి. నియమం రాసే రోజున ఆ నలుగురినీ తప్పకుండా పిలవండి. వాళ్లు లేకుండా రాస్తే, ఎంత న్యాయంగా రాసినా అది వాళ్ల కంటికి మీ నియమంగానే కనిపిస్తుంది.