ఒకే లాగిన్‌లో నలుగురు గుమాస్తాలు

ప్రశ్న: రాయగడలో మాకు కిరాణా హోల్‌సేల్ వ్యాపారం ఉంది. గుణుపూర్, పర్లాకిమిడి దుకాణాల గుమాస్తాలు రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా ఇక్కడి సర్వర్‌లోకి వచ్చి బిల్లులు వేస్తారు. మొదట్లో ఒకరు లాగిన్ అయితే మరొకరి తెర మాయమయ్యేది. డీలర్ ఏదో సెట్టింగ్ మార్చాక ఆ బాధ పోయింది. ఇప్పుడు సాయంత్రమయ్యేసరికి సర్వర్ నత్తనడక నడుస్తోంది. ఎవరూ తెరవని ఫైలును ‘మరొకరు వాడుతున్నారు’ అంటోంది. ర్యామ్ పెంచమంటారా?

వద్దు. ఇదే ఫిర్యాదు జయపురం మిల్లుల నుంచి, బరంపురం దుకాణాల నుంచి కూడా వస్తూనే ఉంది. విచారిస్తే ప్రతిచోటా తేలేది ఒక్కటే: గుమాస్తాలందరికీ కలిపి ఒకే యూజర్ పేరు, ఒకే పాస్‌వర్డ్.

సర్వర్ లెక్కలో ఒక యూజర్ పేరంటే ఒక మనిషి. ఆ పేరుకు ఒకే సెషన్ (లాగిన్ అయ్యాక సర్వర్‌లో తెరుచుకునే పని తెర) అన్న నిబంధన విండోస్ సర్వర్‌లో ముందే అమలులో ఉంటుంది. అందుకే పర్లాకిమిడి గుమాస్తా అదే పేరుతో రాగానే గుణుపూర్ గుమాస్తా సగం రాసిన బిల్లుతో సహా ఆ సెషన్ ఆయన చేతికి వెళ్లింది. మీ డీలర్ లాగిన్లు విడదీయకుండా నిబంధననే తీసేశారు. ఇప్పుడు లైను తెగి మళ్లీ కలిసినప్పుడల్లా పాత సెషన్‌కే చేరతారన్న హామీ లేదు. కొత్తది తెరుచుకుంటే పాతది మెమరీనీ, ఫైళ్లనూ పట్టుకుని అలాగే ఉండిపోతుంది.

రిమోట్ డెస్క్‌టాప్ తెర పైనున్న ఇంటూ గుర్తు నొక్కితే సెషన్ ముగియదు, తెగుతుందంతే. లోపల ప్రోగ్రాములన్నీ నడుస్తూనే ఉంటాయి. ‘వెళ్లిపోతున్నారా, మళ్లీ వస్తారా?’ అని స్పష్టంగా అడగాల్సిన చోట ఇంత అస్పష్టత పెట్టడం డిజైన్ నిర్లక్ష్యమే. పొద్దుగూకాక దుకాణం కట్టే తొందరలో ఉన్న గుమాస్తాను ఇందులో తప్పుపట్టలేం.

నిజానికి మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది వేగం కాదు. నిర్వహణ పని మీద వచ్చిన డీలర్ కూడా ఇంటూ నొక్కే వెళ్లి ఉంటారు. అంటే సర్వర్ మొత్తం మీద అధికారమున్న అడ్మినిస్ట్రేటర్ సెషన్ ఒకటి వారాల తరబడి లోపల బతికే ఉండవచ్చు. సర్వర్‌లో అన్నిటికన్నా పైదైన సిస్టమ్ స్థాయి అధికారం సంపాదించిన చొరబాటుదారు అలా తెగి ఉన్న సెషన్‌లోకి పాస్‌వర్డ్ లేకుండానే దూరగలడు. ఆ సెషన్ తాలూకు లాగిన్ రహస్యాలు మెమరీలోనే ఉంటాయి గనుక వాటినీ తవ్వుకోగలడు.

లోపలికి రావడం కష్టం కదా అంటారా? శాఖలను కలపడానికి రౌటర్‌లో 3389 పోర్టును, అంటే రిమోట్ డెస్క్‌టాప్ వాడే ద్వారాన్ని, నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచిపెట్టే అలవాటు మన దగ్గర విపరీతంగా ఉంది. ఆ పోర్టు కోసం ప్రపంచమంతా రాత్రింబవళ్లు గాలించే ప్రోగ్రాములు ఉన్నాయి. అంకె మార్చి 3390 పెట్టినా అవి కనిపెడతాయి. నలుగురు పంచుకునే పాస్‌వర్డ్ ఎలాగూ తేలికగానే ఉంటుంది. ఊహించి లోపలికి వచ్చినవాడు ఫైళ్లన్నిటికీ తాళం వేసి డబ్బు అడిగేదాకా ఎవరికీ తెలియదు.

ఇంకా ఘోరమైనది, రిమోట్ లాగిన్లకు కొనాల్సిన లైసెన్సు తప్పించుకోవడానికి విండోస్ సిస్టమ్ ఫైలును మార్చి, అప్‌డేట్ వస్తే అది చెడిపోతుందని అప్‌డేట్లనే ఆపేయడం. పాత విండోస్‌ల రిమోట్ డెస్క్‌టాప్‌లో 2019 మేలో బయటపడిన ‘బ్లూకీప్’ అనే లోపం ద్వారా చొరబడడానికి పాస్‌వర్డ్ కూడా అక్కర్లేదు. దాని తీవ్రత చూసి, మద్దతు ఎప్పుడో ఆగిపోయిన విండోస్ ఎక్స్‌పీకి కూడా దిద్దుబాటు విడుదల చేశారు. అప్‌డేట్లు ఆపిన పాత యంత్రానికి ఆ దిద్దుబాటు ఇప్పటికీ అంది ఉండదు. లైసెన్సు ఖర్చు మిగిల్చామని చెప్పుకునే డీలర్లు పోయిన పద్దులకు జవాబుదారీ వహించరు. ఈ పద్ధతిని నేను మోసమనే అంటాను.

చేయాల్సింది చెబుతాను. ముందు 3389 మూసి, శాఖలను వీపీఎన్ (బయటివారు చూడలేని ప్రైవేటు దారి) ద్వారా రప్పించండి. ప్రతి గుమాస్తాకూ సొంత లాగిన్, దానికి తగిన లైసెన్సు ఇవ్వండి. ఒకరు ఒడియాకు, ఇంకొకరు తెలుగుకు మార్చిన కీబోర్డు అమరిక మూడోవారి మీద పడే చికాకు కూడా దీనితో తీరుతుంది. తర్వాత ‘ఒకరికి ఒకే సెషన్’ నిబంధనను తిరిగి పెట్టండి.

విండోస్‌లో నిబంధనలు పెట్టే గ్రూప్ పాలసీలోని సెషన్ టైమ్ లిమిట్స్‌లో, తెగిన సెషన్‌కు రెండు గంటలు ఇవ్వండి. కరెంటు పోయినా, లైను తెగినా సగం బిల్లు దక్కడానికి ఆ వ్యవధి చాలు. ఖాళీగా ఉన్న సెషన్ గంటకు తెగేలా పెట్టండి. గడువు తీరగానే సెషన్‌ను పూర్తిగా ముగించే మూడో సెట్టింగ్ జోలికి వెళ్లవద్దు, సేవ్ చేయని పని పోతుంది. సర్వర్ చూసేది కీబోర్డు, మౌస్ కదలికలనే. గంటల తరబడి నడిచే రిపోర్టునూ అది ఖాళీగా ఉన్నట్టే లెక్కిస్తుంది. తెగడానికి రెండు నిమిషాల ముందు హెచ్చరిక వస్తుందని, అప్పుడు ఏదైనా మీట నొక్కితే చాలని గుమాస్తాలకు చెప్పండి.

ఈ రాత్రే టాస్క్ మేనేజర్‌లో యూజర్స్ పట్టిక తెరిచి చూడండి. తెగి ఉన్నట్టు చూపే ప్రతి వరుసనూ సైన్ ఆఫ్ చేయండి. డీలర్ వాడే అడ్మినిస్ట్రేటర్ పేరు అందులో కనిపించినా, కనిపించకపోయినా ఆ పాస్‌వర్డ్ మార్చాకే రేపటి బిల్లులు మొదలుపెట్టండి.