తెలుగులో అర్జీ ఇవ్వవచ్చా?

ప్రశ్న: మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణీ యాత్రలోపు మా వీధిలో దీపాలు వేయించమని నగరపాలక సంస్థకు అర్జీ పెట్టాలనుకుంటున్నాం. మా పెద్దలకు ఒడియా రాయడం రాదు. తెలుగు అర్జీ చెల్లుతుందాండీ?
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: నిస్సందేహంగా ఇవ్వవచ్చునమ్మా. కష్టనివారణ కోసం ఏ అధికారికైనా, కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విన్నపం సమర్పించుకునే హక్కును రాజ్యాంగంలోని 350వ అధికరణం ప్రతి వ్యక్తికీ ఇచ్చింది. అయితే జవాబు కూడా అదే భాషలో రావాలని అందులో లేదు. వార్డు, వీధి, స్తంభం నంబరు రాసి, నకలుపై తేదీతో ముద్ర వేయించుకోండి. అది లేకపోతే ఇచ్చినా ఇవ్వనట్టే. కదలిక లేకుంటే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడగండి, సమాధానానికి గడువు 30 రోజులు. ఆ దరఖాస్తు మాత్రం ఒడియా, హిందీ, ఇంగ్లీషుల్లో ఏదో ఒకదానిలోనే ఉండాలి. రాయలేనివారు నోటితో చెబితే రాతలో పెట్టేందుకు సమాచార అధికారి సాయపడాలి.