క్విడిచ్‌లో స్నిచ్ పట్టుకున్న జట్టు కూడా ఓడిపోతుందా?

ఓడిపోవచ్చు. హ్యారీ పాటర్ కథల్లో చీపుళ్ల మీద ఎగురుతూ ఆడే ఈ ఆటలో, స్నిచ్ అనే చిన్న ఎగిరే బంతిని పట్టగానే 150 పాయింట్లు వస్తాయి, ఆట ఆగిపోతుంది. కానీ గెలుపు తేల్చేది మొత్తం స్కోరే. గోల్స్ వేసే ముగ్గురు చేజర్లలో ఎవరు క్వాఫిల్ అనే పెద్ద బంతిని అవతలి వాళ్ల మూడు వలయాల్లో దేంట్లో వేసినా 10 పాయింట్లు, అంటే స్నిచ్ 15 గోల్స్‌తో సమానం. 150 కంటే ఎక్కువ వెనకబడి ఉండగా సీకర్ (స్నిచ్‌ను పట్టే ఆటగాడు) దాన్ని పట్టాడంటే సొంత జట్టు ఓటమిని తనే ఖాయం చేసినట్టు.

కథలో 1994 ప్రపంచ కప్ ఫైనల్లో జరిగింది ఇదే. ఐర్లండ్ 170, బల్గేరియా 10 దగ్గర ఉండగా బల్గేరియా సీకర్ క్రమ్ స్నిచ్ పట్టాడు. ఐర్లండ్ 170–160తో గెలిచింది. చేజర్ల తేడా ఇక పూడదని తెలిశాక అలా ముగించడం తెలివితక్కువ పనేమీ కాదు.

కథలోని మాయాజాల స్కూల్ జట్ల కప్పులో లెక్క ఇంకా చిక్కు, అక్కడ మ్యాచ్‌ల పాయింట్లన్నీ కలుపుతారు. ఒక ఏడాది చివరి మ్యాచ్‌కు ముందు స్లిదరిన్ జట్టు 200 పాయింట్లు ముందుంది కాబట్టి, ప్రత్యర్థి గ్రిఫిండర్ జట్టు సీకర్ తమ జట్టు 50కి మించి ఆధిక్యంలోకి వచ్చేదాకా స్నిచ్ కనిపించినా ఆగాల్సిందే.

150 మరీ ఎక్కువే. అందుకే 2005లో అమెరికాలోని మిడిల్‌బరీ కాలేజీలో మొదలైన, నేల మీద నిజంగా ఆడే క్విడిచ్‌లో చాలాకాలం స్నిచ్‌కు 30 పాయింట్లే ఇచ్చారు.