గది అద్దెకు తీసుకునే ముందు

చిరంజీవి బిడ్డకు మేనత్త ఆశీస్సులు.

నువ్వు ఉద్యోగానికి సెలవు పెట్టి హైదరాబాదు నుంచి వచ్చేశావనీ, వారానికి మూడుసార్లు మీ బాపును డయాలసిస్‌కు నువ్వే తీసుకువెళ్తున్నావనీ, వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లు కార్మికుల మీద నవల మొదలుపెట్టావనీ, మందుల వాసన, చుట్టాల రాకపోకల మధ్య రాత సాగక హనుమకొండలో గది అద్దెకు చూస్తున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నవల మాట వినగానే నా గుండె పొంగింది. గది మాట విన్నాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

రోజూ ఒకే వేళకు కూర్చోవాలని, కొంచెమైనా రాయాలని నీకు తెలుసు. నోటుపుస్తకాలను మాత్రం కింది అరలో పెట్టకు. 2020 ఆగస్టు వానలకు నయీంనగర్ నాలా పొంగి మా ఇంట్లోకి మోకాలి లోతు నీళ్లు వచ్చినప్పుడు నా ముప్పై ఏళ్ల డైరీలు తడిసి ముద్దయ్యాయి. ఇప్పటికీ మబ్బు పడితే నా కళ్లు ఆ అర వైపే పోతాయి. ఈ రోజే అటక ఎక్కించు.

ఆ ఏడాది వేసవిలో నేను చేసిన తప్పు డైరీలు పోవడం కన్నా పెద్దది. ఉగాదికని వచ్చిన మీ బాపమ్మ, మార్చి 25న మొదలైన లాక్‌డౌన్‌తో మా ఇంట్లోనే ఉండిపోయింది. ఇన్నాళ్లకు తీరిక దొరికిందని నేను మేడ మీది గదిలో తలుపు వేసుకున్నాను. రజాకార్ల కాలం మీద నవల రాయాలన్నది నా చిరకాల కోరిక. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో జరిగిన ఊచకోత గురించి దొరికిందల్లా చదివాను. అయినా నా పాత్రలు తినేవి కావు, పండుకునేవి కావు, వాళ్ల ఇళ్లల్లో పొయ్యి రాజేది కాదు. నలభై పేజీలు రాసి చించేశాను.

ఆ ఊరికి దగ్గరి పల్లెలో, పదేళ్ల పిల్లగా ఆ రోజులన్నీ చూసిన మనిషి అప్పుడు కింద వంటింట్లో తొక్కు కోసం మామిడికాయలు కోస్తున్నది. "కిందికి రా బిడ్డా, చెయ్యి సాయం పట్టు" అని ఎన్నోసార్లు పిలిచింది. రాసుకుంటున్నానని పైనుంచే జవాబిచ్చాను. మీ మామయ్యతో ఆమె చెప్తున్న ముచ్చట మెట్ల మీద ఒకసారి నా చెవిన పడింది: వడ్లను పాతరలో దాచి, పైన అలికి, దాని మీదే పొయ్యి వేసి అంబలి కాచారట. తీరిగ్గా అడుగుదామనుకున్నాను. సెప్టెంబర్‌లో కరోనా ఆమెను తీసుకుపోయింది. ఆసుపత్రిలో కడసారి చూపు కూడా దక్కలేదు. ఆమె పెట్టిన తొక్కు జాడీ అడుగంటిన రోజు, దాన్ని కడగడానికి చేతులు రాక ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

తర్వాత నెలల తరబడి కలం ముట్టలేదు. సంక్రాంతికి పక్కింటివాళ్లతో సకినాలు చుడుతుంటే, నువ్వులు, వాము కలిపిన తడిపిండి వేళ్ల మధ్య నుంచి జారుతూ చుట్టలు తిరుగుతుంటే, మనసు మొదటిసారి కుదుటపడింది. "వేళ్లు తిప్పు, చెయ్యి కాదు" అని ఆమె నేర్పిన మాట గుర్తొచ్చి, పిండి చేత్తోనే క్యాలెండర్ వెనక రాసుకున్నాను. నా కథ ఆ మాటతోనే మొదలైంది. అప్పటి నుంచి వంటింటి గడప దగ్గర కూర్చునే రాస్తున్నాను.

మిల్లు గురించి రాయడానికి మిల్లు కార్మికుడి కొడుకైన మీ బాపును ఇంట్లో వదిలి గదికి పోతావా బిడ్డా? కోప్పడుతున్నాననుకోకు. రోగి పక్కన ఉండేవాళ్లు ఎంత అలిసిపోతారో నాకు తెలుసు. ఊపిరాడనప్పుడు మా ఇంటికి రా, అన్నం తిని రెండు గంటలు పడుకో. డయాలసిస్ జరిగే ఆ నాలుగు గంటలూ మాత్రం ఫోను సంచిలో పెట్టు. మీ బాపుకు ఓపిక ఉన్న రోజు అడుగు, లేని రోజు ఊరికే చెయ్యి పట్టుకుని కూర్చో.

1934లో మొదలైన ఆ మిల్లు సైరన్‌ను బట్టే మా అమ్మ పొయ్యి రాజేసేది. మీ తాతకు సద్ది గిన్నె మోసుకుపోయింది మీ బాపే. ఆడపిల్లనని నన్ను వీధి చివర దాటనివ్వలేదు. గేటు దగ్గర ఎవరెవరు నిలబడేవారో, మీ తాత గిన్నె మూత తీసి మొదటి ముద్ద ఎవరికి పెట్టేవాడో నాకు ఈనాటికీ తెలియదు. అడిగి, నాకూ రాయి.

మీ మేనత్త