గే అని తెలిస్తే ఓటేస్తారా అక్కా?

ప్రశ్న: అక్కా, నాకు 22. మాది ఆరిలోవ, కొండవాలు మీద ఇల్లు. డిగ్రీ అయిపోయింది, మా వీధి నీళ్ళ గొడవ మీద తిరుగుతుంటాను, ఎప్పటికైనా కార్పొరేటర్‌గా నిలబడాలని ఉంది. కానీ నేను గే, ఇంట్లో తెలీదు. న్యూయార్క్‌లో రిచీ టోరెస్ అనే ఆయన గే అని బయటికి చెప్పుకుని మరీ సిటీ కౌన్సిల్‌కి, అంటే మన కార్పొరేషన్ లాంటిదానికి గెలిచాడట కదా. అమెరికా కాబట్టి కుదిరిందా?
– పేరు వద్దు, విశాఖపట్నం

జవాబు: తమ్ముడూ, అమెరికా కాబట్టి అనుకోకు. ఆయన నిలబడింది న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, పేదవాళ్ళు, చర్చిని గట్టిగా నమ్మే కుటుంబాలు ఎక్కువగా ఉండే చోటు. తండ్రిది ప్యూర్టోరికో దీవి మూలం, తల్లి మినిమమ్ వేజ్ ఉద్యోగాలు చేసి ముగ్గురు పిల్లల్ని ఒక్కతే పెంచింది, ఉన్నది ప్రభుత్వం కట్టిన ఫ్లాట్లలో, గోడలకి బూజు, పైనుంచి లీకులు, చలికాలంలో హీటింగ్ ఉండదు. డిప్రెషన్ వచ్చి కాలేజీ మధ్యలో మానేశాడు, ఆ మాట ఇప్పటికీ దాచడు. తర్వాత ఒక కౌన్సిల్ మెంబర్ దగ్గర చేరి జనం ఇళ్ళకెళ్ళి ఎక్కడ ఏం పాడైందో చూసి రాసుకొచ్చేవాడు, అక్కడే పని నేర్చుకున్నాడు. 2013లో 25 ఏళ్ళకే గెలిచాడు, 51 మంది కౌన్సిల్లో అందరికన్నా చిన్నవాడు. పబ్లిక్ హౌసింగ్ కమిటీ ఛైర్మన్ అయ్యాడు, అంటే తను పెరిగిన అలాంటి ఇళ్ళ సంగతే చేతికొచ్చింది. 2020లో కాంగ్రెస్ సీటుకి, అంటే అమెరికా పార్లమెంటు సీటుకి, తన డెమోక్రటిక్ పార్టీలోనే పోటీ, ఎదురు నిలిచినవాళ్ళలో గేలకి వ్యతిరేకంగా ఏళ్ళ తరబడి మాట్లాడిన పాస్టర్ రూబెన్ డియాజ్ ఉన్నాడు. అయినా టోరెసే గెలిచాడు!

మన దగ్గరా? మధ్యప్రదేశ్ సోహాగ్‌పూర్‌లో షబ్నమ్ మౌసీని ఎమ్మెల్యేని చేశారు, 2015లో ఛత్తీస్‌గఢ్ రాయ్‌గఢ్‌లో మధు కిన్నర్‌ని మేయర్‌ని చేశారు. వాళ్ళు హిజ్రాలు, నీ సంగతి వేరు, ఒప్పుకుంటాను, కానీ ఓటేసింది మన జనమే కదా. చట్టం కూడా అడ్డు రాదు, 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు తీర్పుతో గేల సంబంధాన్ని నేరం చేసిన సెక్షన్ 377 భయం పోయింది, కార్పొరేటర్‌కి 21 నిండి ఓటర్ల లిస్టులో పేరుంటే చాలావరకు దారి ఉన్నట్టే.

కాబట్టి నీ నీళ్ళ గొడవ వదలకు. పైమెట్ల దాకా బిందెలు మోసే ఆడవాళ్ళకి నీ పేరు తెలియాలి, ఏ వీధికి ఏ టైముకి నీళ్ళొస్తున్నాయో రాసిపెట్టుకో, ఫొటోలు తీయి, సోమవారం పీజీఆర్‌ఎస్‌లో, అంటే అధికారులు జనం ఫిర్యాదులు తీసుకునే చోట అర్జీ ఇచ్చి రసీదు నంబరు దాచుకో, పని అయ్యేదాకా ఆ నంబరు పట్టుకుని తిరుగు.

ఇంట్లో ఎప్పుడు చెప్పాలన్నది నీ ఇష్టం, ఎవరూ తొందరపెట్టకూడదు. నాకైతే నీ సంపాదన నీకు వచ్చి, గొడవైతే నాలుగు రోజులు ఉండటానికి ఒక ఫ్రెండ్ ఇల్లు చూసుకున్నాక చెప్పడం మంచిదనిపిస్తుంది. నామినేషన్ వేసే ముందు మాత్రం అమ్మకి నీ నోటితోనే తెలియాలి, ఎందుకంటే ఎలక్షన్ టైములో అవతలి పార్టీ వాళ్ళు వాట్సాప్‌లో తిప్పి ఆవిడ వీధిలో వినాల్సి రావడం చాలా ఘోరం. ముందు ఒక్క అక్కకో బాబాయికో, నిన్ను తిట్టకుండా వింటారని నమ్మకం ఉన్న ఒకరికి చెప్పు.